కాలిబాటను రికార్డుకెక్కించబోయే మా అబ్బాయికి

చిరంజీవి నాన్నకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మీ ఊరి పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) వాళ్లు కాలిబాటల పని నీ చేతిలో పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషమేసిందో! చర్చి వెనక నుంచి వాగు దాటి పాత మిల్లు దాకా పోయే బాట మ్యాపులో లేదనీ, ఆ పొలం త్వరలో చేతులు మారేలా ఉందనీ, ఈలోపే రికార్డుకెక్కించాలని ఊళ్లో అనుకుంటున్నారనీ రాశావు. రిటైరయ్యాక నేను మనసుపెట్టి చేస్తున్న పని ఇదే కాబట్టి నాకు తెలిసినంతా రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువుకో.

ముందుగా ఒక్క మాట బాగా బుర్రకెక్కించుకో. నువ్వు కొత్త దారి ఇవ్వమని ఎవర్నీ అడగడం లేదు. జనానికి ఇప్పటికే ఉన్న హక్కును కాగితం మీద పెట్టమంటున్నావు. పిల్లలు రోడ్డెక్కకుండా బడికెళ్లొచ్చు, ముసలివాళ్లకు నడక దగ్గరవుతుంది, వాగు దగ్గర చాలా బాగుంటుంది అంటూ అర్జీలో రాస్తే అవేవీ లెక్కలోకి రావు. అవతల రైతు ‘నా ఇంటి కిటికీలోంచి కనబడుతుంది, పశువులు బెదురుతాయి’ అన్నా అదీ లెక్కలోకి రాదు. అక్కడ ప్రజలకు దారిహక్కు ఉందా లేదా, అంతవరకే చట్టం చూస్తుంది. ఈ సంగతి పట్టుబడితే మీ ఊరి మీటింగుల్లో సగం వాదనలు వాటంతటవే ఆగిపోతాయి.

ఈ లోటు ఎలా వచ్చిందో కొంచెం తెలియాలి. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చినప్పుడు, ఊళ్లల్లో ప్రజల దారులన్నిటినీ గుర్తించి ‘డెఫినిటివ్ మ్యాప్’ (దారిహక్కుల అధికారిక మ్యాపు) తయారుచెయ్యమని కౌంటీ కౌన్సిళ్లకు, అంటే మన జిల్లా పరిషత్తుల్లాంటివాటికి, బాధ్యత పెట్టారు. 1950ల మొదట్లో చాలా కౌంటీలు ఆ సర్వేను పారిష్‌ల మీదే పెట్టాయి. కొన్ని ఊళ్లల్లో శ్రద్ధ ఉన్నవాళ్లు గడప గడపా తిరిగి, ప్రతి బాటా నడిచి చూసి, కార్డులు నింపి పంపారు. కొన్ని ఊళ్లల్లో ఏదో అయిందనిపించారు. అందరికీ తెలిసిన బాటే కదా, రాయడమెందుకని వదిలేసినవీ ఉన్నాయి. పక్కపక్క పారిష్‌ల మ్యాపులు ఒకసారి కలిపి చూడు. ఒక ఊళ్లో చక్కగా సాగిన కాలిబాట ఊరి పొలిమేర రాగానే పొలం మధ్యలో ఆగిపోతుంది. నడిచేవాళ్లు అక్కడ ఆగి వెనక్కి తిరిగేవాళ్లా? పొలిమేర దాటి అవతల ఊరికి పోయేవాళ్లు. అవతలివాళ్లు సర్వేలో రాయలేదు, అంతే. మీ ఊరి చుట్టూ ఇలా తెగిపోయిన బాటలు ఏమున్నాయో ముందు చూడు. అర్జీ పెట్టడానికి నీకు మొదటి జాడలు అక్కడే దొరుకుతాయి.

మ్యాపులో ఉంటే హక్కు ఉన్నట్టే, అది తిరుగులేని సాక్ష్యం. మ్యాపులో లేనంత మాత్రాన హక్కు లేదని మాత్రం కాదు. ఒకసారి ప్రజల దారి అయ్యాక చట్టప్రకారం మూసేదాకా అది ప్రజల దారేనని ఇక్కడి కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ ధైర్యంతోనే మనం ఈ పని చేస్తున్నాం. 2020లో ర్యాంబ్లర్స్ అనే నడకప్రియుల సంస్థ పిలుపు మీద వేలమంది వాలంటీర్లు పాత మ్యాపుల్ని కొత్తవాటితో పోల్చి చూస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి 49,000 మైళ్లకు పైగా దారులు రికార్డు కాకుండా మిగిలి ఉండొచ్చని తేలింది.

ఇక ఆధారాల సంగతి. ఇవి రెండు రకాలు: నడిచినవాళ్ల సాక్ష్యం, పాత కాగితాలు. రెండూ దొరికితే మంచిదే. నీ బాటకు మొదట మనుషులనే నమ్ముకో. కాగితాలు ఎక్కడికీ పోవు, మనుషులు ఉండరు.

1980 హైవేల చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఒక దారిని ప్రజలు 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, హక్కున్నట్టుగా వాడితే, భూమి యజమాని దాన్ని ప్రజలకు వదిలేసినట్టే భావిస్తారు. వదిలే ఉద్దేశం తనకు లేదని ఆయన ఆ రోజుల్లోనే తెలియజేసి ఉంటే తప్ప. ఆ 20 ఏళ్లను ఎవరైనా దారిని ప్రశ్నించిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. గేటుకు తాళం పడిన రోజో, దారి లేదని బోర్డు పెట్టిన రోజో. అలాంటిదేమీ జరగకపోతే మనం అర్జీ పెట్టిన రోజే లెక్కకు వస్తుంది. కాబట్టి ఊళ్లో నువ్వు వెయ్యాల్సిన మొదటి ప్రశ్న, ‘ఎప్పుడైనా ఎవరైనా ఆపారా, ఆపితే ఏ ఏడాది?’ అని.

హక్కున్నట్టుగా వాడడమంటే, కంచె విరగ్గొట్టుకుని పోకూడదు, దొంగచాటుగా పోకూడదు, అనుమతి తీసుకుని పోకూడదు. ఈ మూడోది మన తెలుగువాళ్లకు వింతగా ఉంటుంది. అడిగి వెళ్తే మర్యాద కదా అనుకుంటాం. ఇక్కడ యజమానిని అడిగి నడిచినవాళ్ల నడక ఆయన దయ కింద జమ అవుతుంది, హక్కు కింద కాదు. అలాగని పెద్దరైతు ఎదురుపడి నవ్వుతూ చెయ్యూపాడంటే అది అనుమతి కాదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని సన్నింగ్‌వెల్ పారిష్ కేసు 1999లో అప్పటి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. అది ఊరి మైదానం తగాదాయే గానీ, అందులో చెప్పింది బాటలకూ వర్తిస్తుంది: యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నంత మాత్రాన అది అనుమతి అయిపోదు, నడిచేవాళ్లు తమకు హక్కుందని మనసులో నమ్మి ఉండాలన్న నియమమూ లేదు.

సాక్ష్యం ఫారాలు కౌంటీ వాళ్లే ఇస్తారు. వాటిని నింపించేటప్పుడే పని చెడినా బాగుపడినా. ఫారాలన్నిటికీ ముందే గీత గీసిన మ్యాపు జతచేసి, కింద సంతకం పెట్టమని ఇంటింటికీ తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. పొరపాటున కూడా ఆ పని చెయ్యకు. రేపు విచారణలో అవతలి లాయరు ‘ఈ గీత మీరు గీశారా?’ అని అడిగితే సాక్షి తెల్లమొహం వేస్తారు. బాట గీయని ఖాళీ మ్యాపు ఇవ్వు, పెన్సిల్ ఇవ్వు, తాము నడిచిన దారిని వాళ్లనే గీయమను. ఒకరి గీత వాగుకు ఇవతల, ఒకరిది అవతల వస్తే కంగారు పడకు. ఆ తేడా ఎందుకొచ్చిందో అడిగి రాయి. చెక్క వంతెన కొట్టుకుపోయాక దారి పక్కకు జరిగి ఉండొచ్చు. అందరి ఫారాల్లోనూ ఒకే వాక్యాలుంటే ఎవరూ నమ్మరు.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. ఏ సంవత్సరం నుంచి నడుస్తున్నారని అడిగితే ‘ఎప్పట్నుంచో’ అంటారు. అలా కాకుండా కదిపి చూడు. 1976 ఎండల్లో వాగు ఎండిపోయినప్పుడు అటు పోయేవారా? 1977లో రాణిగారి జూబిలీ నాడు ఊరేగింపు ఏ దారిన వచ్చింది? 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి పొలాల దారులన్నీ మూసినప్పుడు మీరు ఎటు తిరిగి వెళ్లారు? మాకు తెలిసిన ఒకావిడ తను పెంచిన కుక్కల పేర్లతో లెక్క చెప్పింది. ఫలానా కుక్క ఉన్నప్పుడు స్టైల్ (కంచె దాటే మెట్లు) ఎక్కలేకపోయేది, ఎత్తుకుని దాటించేదాన్ని, తర్వాతి కుక్క నాటికి అక్కడ కిస్సింగ్ గేటు (మనుషులు ఒక్కొక్కరే దూరి పోయే ఊగే గేటు) వచ్చిందంది. పశువుల డాక్టరు రసీదులు తీస్తే ఆ కుక్కల సంవత్సరాలు దొరికాయి. గేటు ఎప్పుడు పెట్టారో దాంతోనే తేలింది. ఇలాంటి మాటలు వాళ్లు చెప్పినట్టే రాయించు, నీ భాషలోకి మార్చకు. అన్నట్టు, 2001 మూసివేత రోగం అదుపు కోసం చేసినది కాబట్టి దాన్ని మామూలుగా ఆటంకంగా చూడరు. అయినా దాచకుండా రాయించు.

ఎవరు నడిచారన్నది ఎంత ముఖ్యమో ఎందుకు నడిచారన్నదీ అంతే ముఖ్యం. ఆ పొలంలో పనిచేసినవాళ్లు పనికెళ్లడానికి నడిచింది ప్రజల వాడకం కాదు. ఆ ఇంట్లోనే కౌలుకున్నవాళ్లదీ కాదు. ఆ రైతు దగ్గర గుడ్లు కొనడానికి వెళ్లినవాళ్ల సంగతీ అనుమానమే. అదే మనిషి ఆదివారాలు చర్చికి ఆ బాటన పోతే అది పనికొస్తుంది. రెండూ విడివిడిగా రాయించు. గుర్రమెక్కి వెళ్లినవాళ్లున్నారేమో, సైకిళ్ల మీద వెళ్లినవాళ్లున్నారేమో తప్పకుండా అడుగు. కాలినడకకైతే ఫుట్‌పాత్, గుర్రాలకైతే బ్రైడిల్‌వే. ఇప్పుడు తక్కువ హక్కు రాయించుకుంటే తర్వాత పెంచుకోవడానికి మళ్లీ మొదటినుంచి పనే.

ఒక్క మనిషే 20 ఏళ్లూ నడిచి ఉండాలని లేదు, నాన్నా. ఒకరి ఎనిమిదేళ్లు, ఇంకొకరి పదిహేనేళ్లు కలిసి ఆ కాలమంతా కప్పితే చాలు. కాబట్టి నువ్వూ, కోడలు పిల్లా ఆ ఊరొచ్చినప్పటి నుంచి నడిచినది కూడా సాక్ష్యమే, మీ ఫారాలూ పెట్టండి. మేం మొన్నమొన్న వచ్చినవాళ్లం, మా మాటకేం విలువ అనుకోవద్దు. పుట్టిన ఊరేదని ఆ ఫారం అడగదు.

ఫారాలకు ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. భూమి యజమానులు 31(6) సెక్షన్ కింద కౌంటీ దగ్గర మ్యాపు, ప్రకటన దాఖలు చెయ్యొచ్చు, ‘నా భూమిలో ఈ దారులు తప్ప వేరేవి ప్రజలకు వదలడం లేదు’ అని. వాటి రిజిస్టరు కౌంటీ వెబ్‌సైట్లో ఉంటుంది. మీ మిల్లు పొలానికి అలాంటిది ఉందో లేదో మొదటిరోజే చూడు. ఉంటే నీరుగారిపోకు. ఆ దాఖలు తేదీకి ముందు 20 ఏళ్లు నిండి ఉంటే అప్పటికే పుట్టిన హక్కును అది చెరపలేదు. నీ లెక్క వెనక్కి జరుగుతుంది, అంతే. అప్పుడు వయసు మళ్లినవాళ్ల సాక్ష్యం ఇంకా అవసరమవుతుంది. ఇలాంటి దాఖలు ఏదీ లేకుండా, యజమాని తన ఉద్దేశాన్ని సొంత ఉత్తరాల్లో రాసుకుని పెట్టెలో దాచుకుంటే అది చెల్లదని 2007లో గాడ్‌మన్‌చెస్టర్ కేసులో తేల్చారు. నడిచే జనానికి తెలిసేలా చెప్పాలి.

ఇప్పుడు కాగితాలు. కౌంటీ రికార్డుల ఆఫీసుకు వెళ్లేముందు కావలసిన పత్రాలు ఫలానావని ముందే చెప్పి పెట్టుకో. లోపలికి పెన్నులు రానివ్వరు, పెన్సిల్ తీసుకెళ్లు. ఫోటో తీసే ప్రతి పత్రం పక్కనా దాని రిఫరెన్స్ నంబరు రాసిన చీటీ పెట్టి తియ్యి. ఇంటికొచ్చాక ఏది ఎక్కడిదో తెలియక కూర్చునే బాధ తప్పుతుంది.

ఎన్‌క్లోజర్ అవార్డు దొరికిందా, అంతకన్నా గట్టి కాగితం లేదు. ఉమ్మడి భూముల్ని పంచి కంచెలు వేసినప్పుడు ఏ దారి ఎవరిది, ఎంత వెడల్పు అన్నది చట్టబద్ధంగా రాసినది అది. 1801 చట్టం కిందైతే ప్రజల బండిదారి కనీసం 30 అడుగులుండాలి. కాకపోతే ప్రతి ఊరికీ అవార్డు ఉండదు. 1836 చట్టం తర్వాత గీసిన టైద్ (చర్చికి కట్టే పన్ను) మ్యాపులు చాలా ఊళ్లకు ఉంటాయి. వాటిని జాగ్రత్తగా వాడాలి. పన్ను ఏ చెక్కకు ఎంత అని తేల్చడం కోసం గీసినవి, దారిహక్కుల కోసం కాదు. కాలిబాటల్ని వాటిలో సాధారణంగా చూపలేదు.

నాకు బాగా ఇష్టమైనవి 1910 నాటి ఫైనాన్స్ చట్టం రికార్డులు. ఆ చట్టం కింద దేశంలో భూములన్నిటికీ విలువ కట్టారు. పొలంలో ప్రజల దారి ఉంటే దాని పేరు చెప్పి విలువలో తగ్గింపు అడగొచ్చు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఫీల్డ్ బుక్కులు ఐఆర్ 58 అన్న వరసలో ఉంటాయి. ఆ రికార్డుల మ్యాపులో మీ పొలం నంబరు పట్టుకుని, ఆ నంబరు పేజీ తెరిచి, ‘పబ్లిక్ రైట్స్ ఆఫ్ వే’ అన్న గడి ఎదుట అంకె ఉందేమో చూడు. కొన్ని పౌండ్ల మొత్తం కనబడిందంటే, నూరేళ్లకు పైబడి అక్కడ దారి ఉందని అప్పటి యజమాని తరఫునే ఒప్పుకున్నట్టు. తప్పుడు లెక్క చెబితే శిక్ష ఉన్న రోజులవి కాబట్టి ఆ అంకెకు బరువుంది. అయితే పొలం పెద్దదై, అందులో రెండు మూడు బాటలుంటే ఆ తగ్గింపు ఏ బాటకో తెలియదు. అలాంటప్పుడు మన బాటకేనని అర్జీలో దబాయించకు, ఉన్నదున్నట్టు రాయి.

ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత షీట్ల మీద చుక్కల గీత, పక్కన ఎఫ్‌పీ (ఫుట్‌పాత్) అన్న అక్షరాలు చూసి చాలామంది గెలిచేశామనుకుంటారు. ఆ మ్యాపు భూమి మీద ఏం కనబడిందో చెబుతుంది, హక్కు సంగతి చెప్పదు. దారి గీసినంత మాత్రాన దారిహక్కుకు సాక్ష్యం కాదని 1880ల చివర్నుంచి వాళ్లే మ్యాపుల మీద అచ్చు వేస్తున్నారు. మిగతా ఆధారాలకు తోడుగా పెట్టు. 1950ల నాటి పారిష్ సర్వే కార్డులు మాత్రం వదలకు. మన బాట రాసి తర్వాత కొట్టేశారా, అసలు రాయలేదా అన్నది వాటిలోనే తెలుస్తుంది.

గడువు మాట అడిగావు. పాత కాగితాల మీద ఆధారపడే దారులకు 2000 నాటి చట్టం 2026 జనవరి 1 అని గడువు పెట్టింది. దాన్ని తర్వాత 2031కి జరిపారు. 2024 డిసెంబరులో ఆ గడువునే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నువ్వు మాత్రం దీన్ని చూసుకుని నెమ్మదించకు.

ఇక నేల మీద పని. మ్యాపు 1:25,000 కన్నా చిన్న స్కేలులో ఉంటే అర్జీకి పనికిరాదు, ఇంకా పెద్దదైతే మంచిది. మొదలు, చివర, ప్రతి మలుపు దగ్గరా గ్రిడ్ రిఫరెన్స్ ఎనిమిది అంకెలతో రాసుకో, పది మీటర్ల లోపు చోటు తెలుస్తుంది. ఆరు అంకెలతో రాస్తే వంద మీటర్ల తేడా, అంటే వాగుకు ఏ గట్టునో కూడా తెలియదు. టేపు పట్టుకుని వెడల్పు కొలువు, ఒక్కచోట కాదు, ఇరుకైన చోటా విశాలమైన చోటా కూడా. డెఫినిటివ్ మ్యాపుకు జతగా రాసిన 1950ల స్టేట్‌మెంట్లలో చాలావాటికి వెడల్పే రాయలేదు. అవే ఇప్పటికీ తగాదాలు తెచ్చిపెడుతున్నాయి. ఎక్కడెక్కడ స్టైలుంది, ఎక్కడ గేటుంది అన్నదీ రాయాలి, అవి కూడా హక్కులో భాగంగానే నమోదవుతాయి. ఫోటోలు శీతాకాలంలోనే తియ్యి. ఆకు రాలాక హెడ్జిలో (పొదల కంచెలో) పాత సందు, మట్టిలో కూరుకున్న రాతి మెట్టు, తుప్పుపట్టిన గేటు కమ్మీ బయటపడతాయి.

రైతు దగ్గరికి నువ్వే వెళ్లు. ఎలాగూ భూమి యజమానికి, సాగుచేసుకునేవాళ్లకు నోటీసు ఇవ్వాలని ఈ అర్జీల సంగతి చూసే 1981 చట్టంలోనే ఉంది. ఇచ్చినట్టు కౌంటీకి ధ్రువపత్రం పెడితే గానీ అర్జీ పూర్తి కాదు. కానీ మొదటి కబురు ఆయనకు కవర్లో రావడం బాగుండదు. తలుపు కొట్టి, కూర్చుని, ఏం చేస్తున్నామో ఎందుకు చేస్తున్నామో చెప్పు. మన వైపు డొంకదారి దున్నేస్తే ఊరంతా కచేరీకెక్కుతుంది, గుర్తుంది కదా, ఇక్కడా భూమి అంటే మనుషులకు అంతే పట్టింపు. దారి తన పశువుల దొడ్డి మధ్యలోంచి పోతోందని ఆయన బాధయితే, అది న్యాయమైన బాధే. రికార్డయ్యాక దారిని పక్కకు మళ్లించమని అడగడానికి 1980 హైవేల చట్టం 119వ సెక్షన్ కింద వేరే పద్ధతి ఉందని చెప్పు. పారిష్ కూడా అందుకు సహకరిస్తుందని కౌన్సిల్లో ముందే మాట తీసుకుని వెళ్తే ఇంకా మంచిది. ఆయన దగ్గరున్న పాత కాగితాలు కూడా చూపమని అడుగు. మనకు వ్యతిరేకంగా ఉన్నవాటిని కూడా ఫైల్లో పెట్టాలి. అబద్ధం మీద నిలబడిన హక్కు ఊరికి వద్దు.

అర్జీ పెట్టాక ఓపిక కావాలి. కౌంటీల దగ్గర అర్జీలు చాలా పేరుకుపోయి ఉన్నాయి, ఏళ్లు పడుతుంది. 12 నెలల్లో తేల్చకపోతే తేల్చమని ఆదేశించాలంటూ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు, అంటే మంత్రికి, రాసుకోవచ్చు. కౌంటీ కాదంటే 28 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, ఆ తేదీ మాత్రం దాటనివ్వకు. ఔనంటే ఆర్డరు ఇచ్చి, అభ్యంతరాలకు కనీసం 42 రోజులు గడువిస్తారు. అభ్యంతరం వస్తే ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి విచారిస్తారు, బాటను స్వయంగా చూస్తారు. హక్కు ఉందనడానికి ఆస్కారముంటే ఆర్డరు ఇస్తారు గానీ, ఖాయం కావాలంటే ఉండడమే ఎక్కువ సంభవమని తేలాలి. ఈ రెండో మెట్టు దగ్గర సాక్షులు నిలబడాలి. విచారణ నాటికి కొందరు ఉండకపోవచ్చు, అందుకే ప్రతి ఫారం మీదా సంతకం, తేదీ సరిగా ఉండాలి. అసలు ప్రతులు కౌంటీకి ఇచ్చేముందు నకళ్లు తీసి పారిష్ క్లర్కు దగ్గర ఒక సెట్టు, నీ దగ్గర ఒక సెట్టు ఉంచు.

మ్యాపులో ఇప్పటికే ఉన్న బాటల్ని దున్నేసినా మూసేసినా అది వేరే సంగతి, కౌంటీకి ఫిర్యాదు చేస్తే సరిపోతుంది. రెండు పనుల్నీ ఒకే ఫైల్లో కలపకు.

మిల్లు దగ్గర తొంభై దాటిన పెద్దావిడ ఉందన్నావు కదా, ఈ శనివారమే ఆమె దగ్గరికి వెళ్లు. ఆమె కూతుర్ని కూడా ఉండమను. ఖాళీ మ్యాపు పెద్దగా ప్రింటు తీసి, ఆమెకు కనబడేలా ముదురు పెన్సిల్ తీసుకెళ్లు. ఒక్క కూర్చోడంలో అయిపోవాలని తొందర పెట్టకు, అలిసిపోతే ఇంకో రోజు వెళ్లు. ఫారం నింపాక నకలు నాకు పంపు. ఇంకా ఏమి అడగాలో చూసి రాస్తాను.

కోడలికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ